మహారాణిగారి క్రాపు

రాజ్యాల సరిహద్దులు మారడం కంటె మనిషి తలమీది వెంట్రుకల సరిహద్దు మారడమే చరిత్రలో గురుతరమైన ఘట్టమని నా దృఢాభిప్రాయం. రాజ్యం చీలితే పటం గీసేవాడు ఒక గీత చెరిపి మరొక గీత గీస్తాడు. మరునాడు అవే బస్సులు అవే గుంతల్లో పడి లేస్తూ అవే ఊళ్ళకు పోతాయి. వెంట్రుకల సంగతి అట్లా కాదు. ఈ సిద్ధాంతాన్ని నేను ఏ గ్రంథంనుంచీ సంగ్రహించలేదు. మా ఆదోని తాలూకాను బళ్ళారి జిల్లానుంచి విడదీసి కొత్త రాష్ట్రంలో కలిపిన ఏడాది చలికాలంలో, ఎమ్మిగనూరులోని మా ఇంటి పెరట్లో, మా తమ్ముడు మద్దిలేటి శిరస్సును ఆధారంగా చేసుకొని స్వయంగా నిర్ణయించాను.

ఆ శిరస్సు సామాన్యమైనది కాదు. మేము నేతపనివాళ్ళం. తమ్ముడు పగలంతా మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకొని, తలకు పెద్ద రుమాలు చుట్టుకొని, పంచెలు నేసేవాడు. రుమాలు అంత పెద్దదెందుకో కొత్తవాళ్ళకు తెలిసేది కాదు. అది విప్పితే జుట్టు నడుము దాటి దిగేది. పుష్యమాసపు జాతరలో ఆ జుట్టు మా ఊరి నాటక సమాజానికి మహారాణి అయ్యేది. మద్దిలేటి దాని వెంట వేదిక ఎక్కేవాడని చెప్పడమే సత్యానికి దగ్గర. అడవుల పాలైన రాణి, తూర్పు తెల్లబడే వేళ, జనానికి వీపు చూపి నిలబడి, కొప్పులోని సూది లాగేది. జుట్టు జారి వీపంతా కమ్మేది. బండ్లమీద నిద్రపోయేవాళ్ళను ఆ ఘట్టానికి తట్టి లేపేవారు. ఆ తర్వాత రాణి పాడే పద్యానికి ఏడవనివాణ్ణి మా ఊళ్ళో మనిషి కింద జమకట్టేవారు కాదు. సమాజానికి కిరీటాలుండేవి, గదలుండేవి, బంగారురంగు కాగితం అంటించిన సింహాసనం ఉండేది. పెట్టుడు జుట్టు మాత్రం లేదు. దేవుడిచ్చినది ఉండగా ఇంకొకటి ఎందుకన్నది పెద్దల విజ్ఞత.

నేను ఆదోనిలో తెలుగు పండితుణ్ణి. భార్య పోయిన తర్వాత అక్కడే ఒక గదిలో ఉంటూ, శనివారం ఒంటిపూట బడి ముగియగానే బస్సెక్కి ఎమ్మిగనూరు చేరేవాణ్ణి. నాటకంలో నా హోదా తెరపక్కన నిలబడి, మరచిపోయినవాళ్ళకు పద్యం అందించడం. మద్దిలేటికి ఎన్నడూ అందించవలసి రాలేదు.

శనివారం అతడు తలంటుకునే రోజు. నేను చేరేసరికి తలంటు ముగిసి, జుట్టు ఆరి, పెరట్లోని నాపరాతి బండమీద అటు తిరిగి కూర్చుని ఉండేవాడు. వెనక పీటమీద అతని భార్య చౌడమ్మ. చేతిలో కొయ్యదువ్వెన, పక్కన నూనెగిన్నె. వారమంతా ఆ ఇంట్లో మగ్గం మాట్లాడేది, లేకపోతే మా అమ్మ అంజనమ్మ మాట్లాడేది. ఆ రెండింటి నడుమ మూడో గొంతుకు సందు లేదు. శనివారం సాయంత్రం ఆ కాస్తసేపు మాత్రం చౌడమ్మ మాట్లాడేది. చిక్కు తీస్తూ, పాయలు విడదీస్తూ, ఆ జుట్టులోకే సన్నగా ఏదో చెప్పుకుంటూ పోయేది. అతడు వెనక్కు తిరగకుండా "ఊ" అనేవాడు. ఒక్కోసారి నవ్వేవాడు. వాళ్ళకు పిల్లలు లేరు. వాళ్ళ సంసారమంతా ఆ బండమీద, ఆ కాస్తసేపట్లో జరిగిపోయేదని నాకనిపించేది. నేను మర్యాదగా వసారాలో పుస్తకం తెరిచి పట్టుకునేవాణ్ణి. పుట తిప్పడం మాత్రం మరచిపోయేవాణ్ణి.

మా అమ్మకు ఈ దృశ్యం కంటగింపు. అయినా కర్తవ్యలోపం ఆమె రక్తంలో లేదు. ఏటా దీపావళి వెళ్ళగానే కోడుమూరు సంతనుంచి గంపెడు కుంకుడుకాయలు తెప్పించి, ఎండబెట్టించి, అటకమీద పెట్టించేది. పెట్టించినప్పుడల్లా ఒకే మాట అనేది: "ఈ ఇంట్లో ఆడోళ్ళం ఇద్దరం. కుంకుడుగాయలు మాత్రం నలుగురివి." ఆ ఏడూ గంప అటకెక్కింది. ఆ మాటా అన్నది.

ఆ ఏడు పత్తి విరగబండింది. ఆదోని బజారులో నడిస్తే తలకు దూది పట్టి, పాతికేళ్ళవాళ్ళు కూడ నెరిసినట్టు కనబడేవారు. పత్తి పండితే వర్తకులకు కళాభిరుచి పెరగడం సహజం. మా నాటక సమాజానికి పోషకుడైన నాగేశ్వరయ్య శెట్టి ఒకనాడు నన్ను బడినుంచి పిలిపించి, దూది బోరాల నడుమ కూర్చోబెట్టి, కాఫీ తాగించి, తన సంస్కరణను వెల్లడించాడు.

"అయ్యవారూ, మనకు రాష్ట్రమొచ్చింది. కర్నూలు రాజధాని అయింది. ఇంకా మగోడు చీర గట్టుకొని ఏడిస్తే నలుగురు నవ్వరా? ఈసారి రాణి బళ్ళారినుంచి వస్తాది. నిజమైన ఆడది."

బళ్ళారి మనకు దక్కకుండా పోయిందని ఆయన సంతాపసభ పెట్టించి నెలలు కాలేదు. ఆ సంగతి వినయంగా జ్ఞాపకం చేశాను.

"పోయింది ఊరు. నాటకాలోళ్ళు పోలేదు గదా" అన్నాడు శెట్టి.

మా తమ్ముని మాటేమిటని అడిగాను. మద్దిలేటిని వదులుకుంటామా, మంత్రివేషం ఇస్తాం అన్నాడు. అయితే ఒక నియమం. ఆ జుట్టు తీసెయ్యాలి. "కిరీటం ఎనక ఆ కొప్పు కనపడిందంటే, మంత్రి నోరు తెరిసేలోపల జనం రాణమ్మా అని పిలుస్తారు. క్రాపు కొట్టించుకొని రమ్మనండి."

ఆ శనివారం మా వసారాలో మహాసభ జరిగింది. కొత్త రాష్ట్రానికి రాజధాని ఎక్కడుండాలన్న చర్చ కూడ అంత గంభీరంగా సాగి ఉండదు. మా అమ్మ చేట పక్కన పెట్టి అధ్యక్షత వహించింది. ఆమె పక్షం స్పష్టం.

"దేవుడే దోవ సూపించినాడు. తీసెయ్ నాయనా. సంతకి పోతే 'మీ రాణి కోడలు బాగుందా అంజనమ్మా' అని అడుగుతాండారు. నాకుండేది ఒక కోడలు. ఎవుర్ని అడుగుతాండారో తెలిసీ, తెలీనట్టు దోవబట్టి వస్తాండా."

నేను ఉభయపక్షాల వాదాలనూ ప్రమాణాలతో సహా వినిపించాను. శిరోజాలు ఉంచుకోవలెనన్నవి కొన్ని, ఉంచుకోనక్కరలేదన్నవి కొన్ని. చివరకు ఎవరికీ ఏమీ తేలలేదు గనుక నా పాండిత్యానికి భంగం కలగలేదు.

మద్దిలేటి రుమాలు ఒళ్ళో పెట్టుకొని, చెవిపక్కకు జారిన ఒక పాయను వేలికి చుట్టుకుంటూ విప్పుతూ కూర్చున్నాడు.

"మంత్రికెన్ని పద్యాలు అన్నా?" అని అడిగాడు నన్ను.

"ఒకటి."

"అడివి సీనులో ఉంటాడా?"

"ఉంటాడు. ఒక పక్క నిలబడతాడు."

అతడు ఆ పాయను చెవివెనక దోపుకున్నాడు. "జుట్టుంచుకుంటే కింద కూర్చోని సూడాల. తీసేస్తే పైన నిలబడొచ్చు. కింద కూర్చోని నేను సూడలేనన్నా. ఏడాదంతా ఈ గుంతలో ఉండేది ఆ ఒక్క రాత్రి పైకెక్కేదానికే గదా."

మా అమ్మ గడప అవతల నిలబడిన చౌడమ్మవైపు తిరిగి, నువ్వేమంటావే అని అడిగింది. మా ఇంట్లో చౌడమ్మను ఏ విషయంలోనైనా అభిప్రాయం అడగడం అదే మొదలు. ఆమె దువ్వెన పళ్ళలో చిక్కుకున్న వెంట్రుకలు తీస్తున్నది.

"నేనేమంటా అత్తా. మోసేది ఆయన. నేను దువ్వేదాన్నే."

మద్దిలేటి తల ఎత్తి ఆమెను చూచాడు. ఇంకేదో అంటుందని కాబోలు. ఆమె ఆ వెంట్రుకలను ఉండచుట్టి, ఎప్పటిలాగే గోడసందులో పెట్టి, లోపలికి పోయింది. సభ ముగిసింది.

మరునాడు పొద్దున మంగలి తిక్కయ్య వచ్చాడు. అతడు మా వీథిలో అందరి తలలూ ఎరిగినవాడు. ఆ ఒక్క తలమీద చేయి పెట్టే భాగ్యం అప్పటిదాకా కలగలేదు. రుమాలు విప్పగానే రెండడుగులు వెనక్కు వేసి చూచాడు.

"ఏమప్పా మద్దిలేటప్పా, ఈ పంటకి నా కత్తెర సాల్దు. కొడవలి తెద్దునా?"

మా అమ్మ తప్ప ఎవరూ నవ్వలేదు. తమ్ముడు ఆ నాపరాతి బండమీదనే, ఎప్పుడూ కూర్చునే వైపుకే తిరిగి కూర్చున్నాడు. తిక్కయ్య కత్తెర ఎత్తేసరికి లోపలినుంచి చౌడమ్మ పీట తెచ్చుకొని వచ్చింది.

"రవ్వంత ఆగు తిక్కయ్యా" అని, పీట వేసుకొని, జడ అల్లసాగింది. రాణికి కొప్పే గాని జడ లేదు. ఆ జుట్టును అల్లడం ఆమెకు అదే మొదటిసారి. పైన ఒక ముడి, కింద ఒక ముడి, మగ్గం మీది నూలుపోగుతో బిగించింది. అన్ని శనివారాలు మాట్లాడిన మనిషి ఆ ఆదివారం ఒక్క మాట మాట్లాడలేదు. అతడు మాత్రం, ఆమె ఏదో చెప్పినట్టే, మధ్యలో ఒకసారి "ఊ" అన్నాడు.

ఆమె లేచి పీట పక్కకు జరిపి "కానియ్" అన్నది.

జడ ఒక్క ముక్కగా వచ్చింది. చౌడమ్మ చెంగు పట్టి అందుకున్నది. మద్దిలేటి చేయి మెడవెనక్కు పోయి, అక్కడ ఏమీ దొరకక కొంచెంసేపు ఆగి, కిందికి దిగింది.

"మెడకి సలి తగుల్తాండాది" అన్నాడు.

"ఇప్పుడు మొగోని మాదిరుండావు" అన్నది మా అమ్మ. అని, గెలిచినవాళ్ళకు ఉండవలసిన ఉత్సాహమేదీ లేకుండా లోపలికి పోయింది.

తరువాతి శనివారం నేను బస్సు దిగి వచ్చేసరికి మగ్గం ఆడుతున్నది. పాత రుమాలు వదులై తమ్ముని కనుబొమల మీదికి జారుతుంటే, అతడు పేకపోగు నడిపే నాడెను విసిరిన చేత్తోనే దాన్ని పైకి తోసుకుంటున్నాడు. పెరట్లో చౌడమ్మ ఒక్కతే ఉంది. కుంకుడు రసం గిన్నె పక్కన పెట్టుకొని, తెగిన జుట్టును బండమీద పరిచి తలంటుతున్నది. కడిగి, చేటలో పరిచి ఎండబెట్టి, పొద్దు వాలినాక ఒళ్ళో వేసుకొని దువ్వింది. పెదవులు కదులుతున్నాయి. దూరాన మగ్గం చప్పుడు ఒక్కోసారి ఆగి, మళ్ళీ మొదలయ్యేది. పిచ్చిపట్టిందా నీకు అని మా అమ్మ ఒకసారి అడిగింది గాని, రెండోసారి అడగలేదు. జాతర దాకా శనివారాలన్నీ అట్లాగే గడిచాయి.

జాతరనాటి సాయంత్రం బళ్ళారి బస్సులో మహారాణి దిగింది. పేరు హులిగమ్మ. నలభైకి దగ్గరి మనిషి; తలమీద ముసుగు, చంకలో రేకుపెట్టె, ముఖాన ఎన్నో ఊళ్ళ అలసట. నాగేశ్వరయ్య శెట్టి ఎదురేగి, తడికెలు కట్టిన వేషాల పాకలోకి తీసుకువచ్చాడు. ఆమె పెట్టె దించి ముసుగు తీసింది. జుట్టు భుజాలమీదికి కూడ సరిగా రాలేదు.

శెట్టి దిగ్భ్రమ చెందాడు. పాట వస్తుందా, పద్యం వస్తుందా, ఎంతసేపు ఏడవగలదు అని సమాజంవారు బళ్ళారికి మనిషిని పంపి విచారించారు. జుట్టున్నదా అని విచారించవలెనని ఒక్కరికీ తోచలేదు. ఆడది వస్తే జుట్టు దానంతట అదే వెంటవస్తుందని అందరి నమ్మకం.

"దినానికొక ఏసం గదా దణీ, పెట్టుడు జుట్టు టోపా పెట్టాలంటే లోపల కురసగా ఉండాల" అన్నది హులిగమ్మ. "టోపా నాటకం కంపెనీది. బైటికియ్యరు. పద్యం నా దగ్గరుంది, ఏడుపు నా దగ్గరుంది. జుట్టు మీరే ఇయ్యాల."

మూలన మద్దిలేటికి మంత్రి మీసం అంటిస్తున్నారు. అందరి చూపులూ అటు తిరిగి, అతని క్రాపుమీద ఆగి, నావైపుకు వచ్చాయి. నేను ఇంటికి పోయాను.

నేను చెప్పినదంతా చౌడమ్మ విన్నది. మా అమ్మ ఏదో అనబోతే చేత్తోనే వారించింది. గుడ్డలో చుట్టిన జుట్టును పెట్టెలోనుంచి తీసి, "ఇంకెవురూ ముట్టుకోకూడదు బావా. నేనే కడతాను" అని నా వెంట బయలుదేరింది.

పెట్రోమాక్సు వెలుగులో హులిగమ్మను ముందు కూర్చోబెట్టుకొని, జడ విప్పి, దువ్వి, పాయలు పాయలుగా ఆ కురచజుట్టుకు ముడివేసింది. ఆమెకు తెలియకుండానే పెదవులు కదిలాయి.

"ఏమంటివి అక్కా?" అన్నది హులిగమ్మ.

"ఏం లేదు."

"ఎంత మెత్తగుంది. ఎవురిదక్కా ఈ జుట్టు?"

"మా ఇంట్లోది" అన్నది చౌడమ్మ. మీసం జిగురు ఆరేదాకా మాట్లాడకూడదు గనుక మంత్రివర్యుడు మూల మౌనంగా ఉన్నాడు.

హులిగమ్మ గొప్ప నటి. ఈ మాట నేను పక్షపాతం లేకుండా చెబుతున్నాను, చెప్పడం నాకు ఇష్టం లేకపోయినా. తూర్పు తెల్లబడుతుండగా అడవి రంగం వచ్చింది. బండ్లమీది వాళ్ళను లేపారు. రాణి జనానికి వీపు చూపి నిలబడి, కొప్పులోని సూది లాగింది. జుట్టు జారి వీపంతా కమ్మింది.

బండ్ల వైపునుంచి ఎవడో "మద్దిలేటీ" అని కేక వేశాడు. ఇంకొకడు అందుకున్నాడు. తరువాత జాతర జాతరంతా ఆ పేరు పిలిచింది. ఈలలు, చప్పట్లు. రాణి ఎవరో వాళ్ళకు ముందే చెప్పారు. చెప్పినది అప్పటికి మరచిపోయారు. జుట్టును గుర్తుపట్టారు, అంతే.

వేదికమీద, రాణికి ఒక పక్కన, కిరీటం పెట్టుకొని, మీసంతో, మద్దిలేటి నిలబడి ఉన్నాడు. అతనివైపు ఎవరూ చూడడం లేదు. రాణి పద్యం ఎత్తుకున్నది. ఆమె నోటితో పాటు అతని గొంతులో కండ కదలడం తెరపక్కనుంచి నాకు కనబడింది. పద్యం ముగిసింది. జనం ఏడ్చారు. తరువాతిది మంత్రి పద్యం. నేను మొదటి మాట అందించడానికి నోరు తెరిచాను, అక్కరలేకపోయింది. తప్పు లేకుండా, శ్రుతి చెదరకుండా పాడాడు. జనం అప్పటికి దుప్పట్లు మడుచుకుంటున్నారు.

పొద్దెక్కినాక హులిగమ్మ మా ఇల్లు వెదుక్కుంటూ వచ్చింది. ముసుగు వేసుకొని, రేకుపెట్టె అరుగుమీద దించి, గుడ్డమూట చౌడమ్మకు అందించబోయింది. మద్దిలేటి మగ్గం దగ్గర కూర్చుని పెదవిమీది జిగురు గీకుకుంటున్నాడు.

"భద్రంగా తెచ్చినానక్కా. ఒక్క ఎంట్రిక పోలేదు."

చౌడమ్మ మూట అందుకోలేదు. "నువ్వే ఉంచుకో తల్లీ. నీకు పనికొస్తాది."

"అయ్యో, ఇంట్లోది అంటివే."

"తల లేని జుట్టును ఎన్నాళ్ళని దువ్వేది? నీ తలమీదుంటే యాడో ఒక సోట రాణైతాది."

హులిగమ్మ ఆమెను చూచింది. తరువాత మగ్గం దగ్గరున్న మనిషిని, అతని క్రాపును చూచింది. అప్పుడు అర్థమైంది కాబోలు, మూట చేతిలో పట్టుకొని ఎటూ తోచక నిలబడిపోయింది.

"పోమ్మా" అన్నాడు మద్దిలేటి, తల ఎత్తకుండా. "బస్సుకు పొద్దైతాది."

ఆ విధంగా మహారాణిగారి కేశపాశం రాష్ట్రం ఎల్లలు దాటిపోయింది. అందుకు ఏ పటంలోనూ గీత పడలేదు.

తరువాతి శనివారం నేను వచ్చేసరికి మగ్గం ఆగి ఉంది. మద్దిలేటి రుమాలు విప్పి, నాపరాతి బండమీద, ఎప్పటిలాగే అటు తిరిగి కూర్చుని ఉన్నాడు. ఎవరూ పిలిచినట్టు లేదు. చౌడమ్మ గడపలోకి వచ్చి చూచి, లోపలికి పోయి, దువ్వెనా నూనెగిన్నే తెచ్చుకొని, వెనక పీట వేసుకున్నది. ఎంత నెమ్మదిగా దువ్వినా, నేను కండువా మడిచి కొయ్యకు తగిలించేలోగా క్రాపు దువ్వడం అయిపోయింది. మళ్ళీ మొదటినుంచి దువ్వింది. మళ్ళీ అయిపోయింది. ఆమె ఏదో చెప్పబోయింది. మాట ఇంకా మొదలుకాకముందే చేతికి పని లేకుండా పోయింది గనుక, ఆ మాట లోపలే ఉండిపోయింది. అతడు "ఊ" అనడానికి సిద్ధంగా, మెడ కొంచెం వంచి, వింటూ కూర్చున్నాడు. ఎండ గోడ దిగిపోయేదాకా ఇద్దరూ అట్లాగే ఉన్నారు. నేను పుట తిప్పలేదు.

తరువాత ఆ బండమీద ఎవరూ కూర్చోలేదు. అతడు మళ్ళీ జుట్టు పెంచలేదు. మరుసటి జాతరకు మంత్రివేషం మరెవరో వేశారు. ఆ రాత్రి కూడ మా ఇంట్లో మగ్గం ఆడింది.

జుట్టు తీయించిన ఏడు వేసవిలోనే మా అమ్మ అటకమీది గంప దించింది. మూడువంతులు అట్లాగే ఉంది. పురుగు పట్టించడం ఎందుకని, ఆ కుంకుడుకాయలు నానబెట్టి ఇంట్లోని ఇత్తడి సామానంతా తోమించింది. ఆ వేసవి మా వీథిలో మా బిందెలు మెరిసినట్టు ఇంకెవరి బిందెలూ మెరవలేదు.